డెబ్బై మూడో పేజీ నుంచి

పోయిన నెల మా గల్లీలో ఒక పెద్దాయన పోయాడు. టెంటు కింద కుర్చీల్లో కూర్చున్న వాళ్ళంతా ఎదురింటివాళ్ళు పంపిన చాయ్ తాగుతూ ఒకే మాట అన్నారు: "దిలేర్ మనిషి. దేనికీ భయపడలే." నేను తల ఊపాను. చావు దగ్గర తల ఊపడం తేలిక, ఎవరూ కారణం అడగరు.

నిజానికి ఆ ధైర్యం ఆయన కంటే రెండేళ్ళు ముందే పోయింది. ఈ రెండేళ్ళూ ఇంటి మెట్టు దిగాలన్నా ఆయనకు ఎవరిదో ఒకరి భుజం కావాలి. మోకాళ్ళ నొప్పులనుకున్నారు అందరూ. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ఆ ధైర్యం పోయిన రోజు పక్కన ఉన్నది నేనొక్కణ్ణే. ఇంకాస్త సరిగ్గా చెప్పాలంటే, పోగొట్టింది నేనే. మంచి చేద్దామనే.

ఆయన పుస్తకాలకు జిల్దులు కట్టేవాడు, అంటే పేజీలు కుట్టి అట్టలు వేసేవాడు. పత్తర్‌గట్టి వెనక గల్లీలో, అత్తరు కొట్టుకీ పెళ్ళికార్డుల కొట్టుకీ నడుమ, ఇద్దరు కూర్చుంటే మూడోవాడు నిలబడాల్సినంత దుకాణం. పదమూడేళ్ళప్పుడు అక్కడ పని నేర్చుకోవడానికి చేరాడట. నేర్పిన ఉస్తాద్ పోయాక దుకాణంతో పాటు "ఉస్తాద్" అన్న పిలుపు కూడా ఆయనకే వచ్చింది. శుక్రవారం సెలవు కూడా. లాల్‌దర్వాజాలో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవాడు కాబట్టి నాకు మాత్రం తాత.

నేను ఒక పాత లైబ్రరీలో కాంట్రాక్టు మీద పుస్తకాలు స్కాన్ చేస్తాను. నా వంతుకు ఎవరికీ అక్కరలేని బీరువా వచ్చింది. మనసు, ఆత్మ, దయ్యం, అన్నీ అందులోనే. తెలుగులో ఈ విషయాలు కొత్తగా రాస్తున్న రోజుల పుస్తకాలవి. రాసినవాళ్ళు ప్లీడర్లు, బడిపంతుళ్ళు, పెన్షన్ తీసుకుంటున్న అధికార్లు. మనస్తత్వశాస్త్రం ఎక్కడ ఆగుతుందో, దయ్యం ఎక్కడ మొదలవుతుందో వాళ్ళకే తేలినట్టు లేదు. ఒకే అధ్యాయంలో ముందు మెదడు బొమ్మ ఉంటుంది, పేజీ తిప్పితే మేనత్త ఆత్మ. వెనక అట్ట మీద మాత్రం అందరికీ ఒకటే నమ్మకం: జ్ఞాపకశక్తి పెంచే టానిక్కు.

పాత పుస్తకాన్ని స్కాన్ చేయాలంటే ముందు కుట్టు విప్పాలి, తర్వాత మళ్ళీ కుట్టాలి. ఆ రెండూ పేజీ చిరగకుండా చేయగలిగింది తాత ఒక్కడే. అట్లా వారానికి రెండుసార్లు ఒక సంచీ నిండా దయ్యాలను మోసుకుని ఆయన దుకాణానికి వెళ్ళేవాణ్ణి.

పుస్తకం చేతిలో పెట్టగానే ఆయన తెరిచేవాడు కాదు. ముందు వీపు మీద వేలితో రెండుసార్లు తట్టేవాడు, డాక్టరు రొమ్ము తట్టినట్టు. తర్వాత వాసన చూసేవాడు. "దీనికి లై మంచిగ పడలే, మైలతుత్తం కల్పలేదు, పురుగు తిన్నది," అని తేల్చేవాడు. మైదాతో వండిన జిగురును ఆయన లై అనేవాడు. అందులో నీలంగా ఉండే మైలతుత్తం కలిపితేనే పురుగు దగ్గరికి రాదట. ఆ నీలం ఆయన గోళ్ళ కింద ఎప్పుడూ ఉండేది.

"తాతా, ఇన్ని పుస్తకాలు చేతిలకెళ్ళి పోయినయి గద, ఏదన్న చదివినవా?" అని ఒకసారి అడిగాను.

"పుస్తకాలు చదవను బేటా. జుజ్‌లు చదువుతా."

పెద్ద కాగితం మీద అచ్చువేసి మడతపెడితే ఎనిమిది పేజీలవుతాయి. ఆ మడత పేరు జుజ్. అట్లాంటివి పదో ఇరవయ్యో కలిపి కుడితే పుస్తకం. కుట్టు విప్పగానే జుజ్‌లన్నీ బల్ల మీద పరుచుకునేవి. చాయ్ తాగుతున్నంతసేపు ఏది చేతికి వస్తే అది చదివేవాడు. చాయ్ అయిపోతే చదువు కూడా అయిపోయేది. అట్లా అరవై ఏళ్ళపాటు వందల పుస్తకాల నడుమ భాగాలు చదివాడు. ఏదీ మొదలు తెలియదు, ఏదీ తుది తెలియదు.

"సచ్చినోళ్ళను పిలుచుడు నాకు మంచిగ తెలుసు," అన్నాడు ఒక మధ్యాహ్నం. "ముక్కాలి పీట మీద ముగ్గురు చేతులు పెట్టాలె. దీపం తగ్గియ్యాలె. పేరు మూడుసార్లు తలుసుకోవాలె."

"వచ్చినంక?"

"ఏదన్న అడగాలె."

"మళ్ళ పంపుడు?"

తాత గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఆ జుజ్ నా చేతికి రాలే."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నవ్వకు. సగం తెలిసినోడే ఎక్కువ భయపడాలె. నాకేం కాదు, నాకింక టైమున్నది. నీ ఫికరే నాకు."

నేను కూర్చున్న స్టూలుకు ఎన్ని కాళ్ళున్నాయో వంగి చూసుకున్నాను. నాలుగు. పని కొనసాగించాను.

"నాకింక టైమున్నది" అన్న మాట ఆయన నోట చాలాసార్లు విన్నాను. ముసలివాళ్ళ ఊతపదం అనుకున్నాను. చేతుల్లో గడ్డం దాకా పుస్తకాలు పట్టుకుని పత్తర్‌గట్టి రోడ్డు అటూ ఇటూ చూడకుండా దాటేవాడు. ఆటోలు కీచుమని ఆగేవి. "మర్‌నా హై క్యా, చచా?" చావాలనుందా అని అరిచేవాళ్ళు డ్రైవర్లు. ఆయన ఆగి, మర్యాదగా, అడిగినదానికి సమాధానం చెప్పేవాడు: "అభీ నహీ, బేటా." ఇప్పుడే కాదు.

నేను పుట్టకముందు కర్ఫ్యూ రోజుల్లో గల్లీలో పసిపిల్లలకు పాలు లేకపోతే, క్యాను పట్టుకుని యాకుత్‌పురా దాకా నడిచి వెళ్ళి తెచ్చాడని మా అమ్మ చెబుతుంది. వచ్చేసరికి చొక్కా భుజం దగ్గర చిరిగి ఉందట. పాలు ఒక్క చుక్క ఒలకలేదట. ఒక వానాకాలం కరెంటు తీగ తెగి మోకాలి లోతు నీళ్ళలో పడితే అందరూ డాబాలెక్కారు. ఆయన మాత్రం కర్ర పట్టుకుని నీళ్ళలోకి దిగి తీగను పక్కకు నెట్టాడు. తర్వాత లైన్‌మన్ వచ్చి తిట్టిన తిట్లు మా గల్లీలో ఇంకా కొందరికి కంఠతా వచ్చు.

రెండేళ్ళ కింద, ఆషాఢంలో, దుకాణం వరసగా అయిదు రోజులు మూసి ఉంది. ఒక్కటి శుక్రవారం, సరే. మిగతా నాలుగు? ఇంటికి వెళ్దామనుకుంటుండగానే ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. అవ్వ ఎప్పుడూ మా అమ్మ కోసమే వచ్చేది. ఆ రోజు నా ముందు కూర్చుంది.

"నీ మాట ఇంటడు బిడ్డా. జర వచ్చి చెప్పు. అన్నం ముడ్తలేడు."

"ఏమైందవ్వా?"

"ఇంక పదకొండు దినాలే ఉన్నది."

"దేనికి? బోనాలకా?"

"ఆయనకు."

చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ అవ్వ చెప్పింది. పెళ్ళైన మూడోనాడే ఆయన తన చావు వయసు చెప్పేశాడట. డెబ్బై రెండు నిండేదాకా నాకేం కాదు, నువ్వు ఫికర్ చేయకు అని. "నేను మస్తు ఖుష్ అయిన. పదహారేండ్ల దాన్ని. డెబ్బై రెండంటే ఎక్కడనో దూరం ఊరు అనుకున్న." ఆయన లాల్‌దర్వాజా బోనాల నాడు పుట్టాడని అత్తగారు చెప్పేదట. ఈ బోనాలకు డెబ్బై రెండు నిండుతాయి. దూరం ఊరు వచ్చేసింది.

"డాక్టర్ ఏమన్నడు?"

"రోగమేం లేదన్నడు. గిట్లనే తినకుంటె మాత్రం పోతడన్నడు."

అంటే ఆ జోస్యం నిజం కావడానికి ఆయనే సొంతంగా కష్టపడుతున్నాడన్నమాట. ఈ మాట పైకి అనలేదు. అవ్వ మొహం జోకులు పడే మొహంలా లేదు.

మధ్యాహ్నం రెండింటికి వెళ్ళాను. బయట ఎండ. లోపల కిటికీలు మూసి ఉన్నాయి. తాత మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. గూట్లో గడ్డం గీసుకునే అద్దం మీద తువ్వాలు కప్పి ఉంది.

"అద్దానికి చలి పెడ్తున్నదా తాతా?"

"తియ్యకు," అన్నాడు తిరక్కుండానే. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు చెప్పాడు. పనిలో చేరిన మొదటి ఏడు ఉస్తాద్ రెండు పుస్తకాలు కుట్టమని ఇచ్చాడు. కుడుతుండగా ఒక జుజ్ చేతికి వచ్చింది. పైన డెబ్బై మూడో పేజీ. చదివాడు. అద్దం ముందు రెప్ప వేయకుండా కూర్చోవాలి, మొహం మారేదాకా చూడాలి, అప్పుడు నా ఆయువు ఎంత అని మనసులో అడగాలి, మొదట పైకి తేలిన అంకె నీ ఆఖరి వయసు, ఇది తప్పదు. అట్లా రాసి ఉంది. ఆ సాయంత్రమే చేశాడు.

"డెబ్బై రెండు వచ్చింది. ఎవలో చెవుల చెప్పినట్టు."

"మొహం?"

"మారింది." తువ్వాలు వైపు చెయ్యి చూపించాడు. "నా మొహమే. గని ముసలిది. బుగ్గలు గుంజుకపోయి, కండ్లు లోపటికి పోయి. పదమూడేండ్ల పోరణ్ణి, నా శవాన్ని నేనే చూసిన. మొన్న గడ్డం గీసుకుంటాంటె అద్దంల గా మొహమే వచ్చింది బేటా. అరవయ్యేండ్ల కింద చూసిన మొహం. అదే."

"డెబ్బై రెండేండ్లకు ముసలి మొహం గాక హీరో మొహం వస్తదా తాతా?"

చాలా మంచి జోకు. వేరే గదిలో అయితే పేలేది. తాత నా మణికట్టు పట్టుకున్నాడు. ఆయన వేళ్ళు జిగురు గిన్నెలో ముంచి తీసినట్టు చల్లగా, తడిగా ఉన్నాయి.

అప్పుడు అద్దం మీది తువ్వాలు కదిలింది. ఫ్యాన్ గాలి. ఫ్యాన్ గాలేనని నాకు తెలుసు, తల ఎత్తి ఫ్యాను చూసి మరీ నిర్ధారించుకున్నాను. అయినా బయటికి వచ్చేటప్పుడు ఆ గూటికి వీపు చూపించలేదు. ఎండ్రకాయలా పక్కకు పక్కకు నడిచి గుమ్మం దాటాను.

మర్నాటి నుంచి బీరువా వెతకడం మొదలుపెట్టాను. ఆ దుకాణంలో కట్టిన పుస్తకాల్లో అట్ట లోపల చిన్న చీటీ ఒకటి అంటించి ఉంటుంది, పాత ఉస్తాద్ అలవాటు. లైబ్రరీ అప్పటినుంచీ పనంతా అక్కడికే పంపేది. నాలుగో రోజున ఆ చీటీతో, ఒకే కొలతతో, ఒకే రంగు కాగితంతో రెండు పుస్తకాలు దొరికాయి. ఒకటి మనసు ఎట్లా పనిచేస్తుందో చెప్పేది. రెండోది పోయినవాళ్ళతో ఎట్లా మాట్లాడాలో చెప్పేది.

మనసు పుస్తకంలో అరవై నాలుగో పేజీ తర్వాత డెబ్బై మూడు ఉంది. ఎనిమిది పేజీలు, ఒక జుజ్, లేదు. డెబ్బై మూడు మీద తాత చెప్పిన అద్దం ఉంది, పొల్లు పోకుండా.

ఆత్మల పుస్తకంలో అరవై ఐదు నుంచి డెబ్బై రెండు దాకా పేజీలు రెండుసార్లు ఉన్నాయి. మొదటిసారి వచ్చినవి దానివే. రెండోసారి వచ్చినవి దానివి కావు.

ఆ రెండో వరస చదివాను. పిల్లల మనసులో భయం ఎట్లా పుడుతుందో పంతుళ్ళకు చూపించే ప్రయోగం గురించిన అధ్యాయం అది. ఒక పిల్లవాడికి ఒక అబద్ధాన్ని నిజంలా చదివి వినిపించాలి. రెప్ప వేయకుండా చూస్తే కళ్ళు అలసి ఎవరి మొహమైనా మారి కనబడుతుంది. ఆ రోజంతా వాడు ఏ అంకెతో తంటాలు పడ్డాడో ఆ అంకే మనసులో తేలుతుంది. వాడు నమ్ముతాడు. నమ్మిన వెంటనే, అదే పూట, ఇది అబద్ధమని తప్పక చెప్పాలి, లేకపోతే ఆ భయం వాడిలో గూడు కట్టుకుంటుంది అని హెచ్చరిక కూడా ఉంది. డెబ్బై రెండో పేజీ చివరి వాక్యం: పిల్లవాడికి చదివి వినిపించవలసిన అబద్ధం ఇది.

ఆ అబద్ధం డెబ్బై మూడో పేజీలో మొదలవుతుంది.

ఖాళీ హాల్లో నేనొక్కణ్ణే గట్టిగా నవ్వాను. తర్వాత, అదే పూట చెప్పాలి అన్న వాక్యం దగ్గర నవ్వు ఆగిపోయింది.

బోనాలకు ఇంకా ఆరు రోజులుంది. దుకాణానికి రానంటే రానన్నాడు తాత. "లైబ్రరీవాళ్ళు రెండు పుస్తకాలు అర్జంటన్నరు, నువ్వు పోయినంక అవి ఎవడో బ్లేడు పెట్టి కోస్తడు," అన్నాను. అరగంటలో చొక్కా వేసుకున్నాడు. చావు వస్తుందంటే లేవనివాడు బ్లేడు అనగానే లేచాడు.

పొద్దున పదకొండుకు దుకాణం తలుపు తీశాం. మొదటి పుస్తకం వీపు తట్టాడు. వాసన చూశాడు. చాకు మొనతో మొదటి దారం లేపి ఆగిపోయాడు.

"గిది నా కుట్టు."

"ఎట్ల తెలుసు?"

"గింత అధ్వానంగ ఉస్తాద్ కుట్టడు." వేళ్ళు రెండో పుస్తకం మీదికి పోయాయి. "గిదీ నాదే."

"ఆ దినం ఏం జరిగింది తాతా?"

"ఒక జుజ్ దొర్కలే. డెబ్బై రెండో పేజీ ఏదిరా అని ఉస్తాద్ పొద్దంత అడుగుడే అడుగుడు. డెబ్బై రెండు, డెబ్బై రెండు అనుకుంట బల్ల కింద, అల్మారా ఎనుక, అంత దేవులాడిన. కొడ్తడని భయమై, దొర్కిందని చెప్పి, లేకుండనే కుట్టేసిన."

చెప్పి నా వైపు చూశాడు. రెండు కుట్లూ ఆయన చేతనే విప్పించాను. ఆత్మల పుస్తకంలోంచి ఆ జుజ్ తీసి ఆయన చేతిలో పెట్టాను.

చదివాడు. పెదవులు కదుపుతూ, వేలు పెట్టి, ఎనిమిది పేజీలూ. చాయ్ వచ్చింది, ముట్టలేదు. చదవడం అయ్యాక ఆ జుజ్‌ను అరవై నాలుగుకీ డెబ్బై మూడుకీ నడుమ పెట్టి, అంచులు అరచేత్తో సరిచేశాడు. చక్కగా కూర్చుంది.

"అంటే అబద్ధమా?"

"అబద్ధమే. రాసినాయనే చెప్తున్నడు."

"డెబ్బై రెండు లేదు?"

"లేదు తాతా. ఇంక ఇంటికి పోయి కడుపు నిండ తిను."

ఇప్పుడు నవ్వుతాడు, లేకపోతే ఏడుస్తాడు అనుకున్నాను. రెంటికీ తగిన జోకు నా దగ్గర సిద్ధంగా ఉంది. ఆయన రెండూ చేయలేదు. బల్ల మీది చాకును మొన అవతలికి తిప్పి దూరంగా జరిపాడు.

"గా కరెంటు తీగ," అన్నాడు. "నీళ్ళల్ల దిగిన నేను."

"అయిపోయింది గద అది."

"సచ్చిపోతుంటి గదరా!" అని అరిచాడు. పక్క కొట్టు అత్తరు సాయిబు తల లోపలికి పెట్టి చూసి మళ్ళీ తీసేశాడు. "పాల క్యాను పట్టుకొని పోయిన గదా. చెవు పక్కకెళ్ళి రాయి పోయింది. నాకేం కాదని నవ్వుకుంట నడిచిన. ఇంట్ల ఇద్దరు పసిపోరలు. మీ అవ్వకు ఇరవై రెండేండ్లు. నేను పోతే? పోతుంటి!"

"పోలే గద తాతా."

"పోతుంటి," అన్నాడు మళ్ళీ, ఈసారి మెల్లగా.

అరవై ఏళ్ళలో పడాల్సిన భయాలన్నీ ఒక్కసారే వచ్చి ఆ చిన్న దుకాణంలో కూర్చున్నాయి. చోటు చాలక నేను లేచి నిలబడ్డాను. తాత ఒక్కొక్కటే తీసి చూస్తున్నాడు: నాకెప్పుడూ చెప్పని కుక్కకాటు, ఎప్పుడో ఎక్కిన కరెంటు స్తంభం, ఆగిన ఆటోలు.

"మరి ఎన్ని?" అన్నాడు చివరికి.

"ఏంది ఎన్ని?"

"డెబ్బై రెండు కాకుంటె ఎన్ని?"

"ఏమో తాతా. ఎవనికి తెలుస్తది?"

"నీకు తెల్సా, నీది?"

"నాకెట్ల తెలుస్తది?"

నా వైపు చూశాడు, పేద్ద జబ్బు ఉన్నవాణ్ణి చూసినట్టు. తర్వాత గుమ్మంలోంచి బయటికి చూశాడు. పండుగ ముందు బజారు. ఒకామె పిల్లను చంకన వేసుకుని గాజుల సంచీ ఊపుకుంటూ రెండు ఆటోల నడుమ నుంచి దాటుతోంది. ఒకడు ఊగే నిచ్చెన మీద నిలబడి, నోట్లో మేకులు పెట్టుకుని, బోర్డు కొడుతున్నాడు. నిచ్చెన కింద ఇద్దరు నిలబడి ఐస్‌క్రీం తింటున్నారు.

"వీళ్ళకు?"

"వీళ్ళకూ తెల్వదు."

"అందరికీ? తెల్వకనే గిట్ల తిరుగుతున్నరా? దినాం?"

"దినాం."

చాలాసేపు చూశాడు. నిచ్చెన మీదివాడు ఒక కాలు గాలిలో పెట్టి పక్కకు వంగితే, తాత నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మేకు దిగిన చప్పుడు వినబడ్డాక తెరిచాడు.

"మరి నీకు నిద్రెట్ల పడ్తదిరా?"

బాగానే పడుతుందని చెప్పాను. ఆ రోజు దాకా అది నిజమే.